చిరునామా చేతికిచ్చి పంపాం: ఒక దస్తావేజు లేఖరి కేసు

మద్యం మానిపించి ఇంటికి పంపే రోజున రోగి చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో, మందుల పేర్లన్నీ అయ్యాక ఆఖరి వరుసలో "ఏఏ మీటింగులకు హాజరు కావలెను" అని రాయడం మా డీ-అడిక్షన్ కేంద్రంలో ఏళ్ళ తరబడి ఉన్న పద్ధతి. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నడుపుకునే సంఘం. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా ఆ వరుసను కొన్ని వందల కాగితాల మీద నేనే రాశాను. వాళ్ళలో ఎందరు మీటింగు గది గడప తొక్కారో ఆరా తీయాలన్న ఆలోచన మాత్రం ఈ కేసు ఎదురయ్యేదాకా నాకు రాలేదు. రోగి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయన ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

రోగి

వయసు 43 ఏళ్ళు. కృష్ణా జిల్లాలో ఒక మండల కేంద్రంలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట దస్తావేజులు రాసే వృత్తి. ఈ రచనలో ఆయనను లేఖరి గారు అనే పిలుస్తాను. భార్య ఇంటి దగ్గర కుట్టుపని చేస్తారు. కూతురు ఇంటర్మీడియట్ చదువుతోంది. తాగుడు అలవాటై 19 ఏళ్ళు కాగా, చివరి ఆరేళ్ళుగా పొద్దున్నే తాగనిదే పనిలోకి వెళ్ళలేని స్థితి. రోజుకు మూడు క్వార్టర్లు, అంటే 540 మిల్లీలీటర్ల విస్కీ. 2022లో బంధువుల పెళ్ళిలో రెండు రోజులు మందు దొరకక మూర్ఛ వచ్చింది. దాన్ని ఎండదెబ్బ కింద జమకట్టి ఇంట్లోవాళ్ళు మరిచిపోయారు.

2024 ఫిబ్రవరిలో ఆయనను మా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు భార్య చేతిసంచిలో రెండు దస్తావేజుల నకళ్ళు ఉన్నాయి. రెండూ ఒకే రోజున రాసినవి. ఆఖరి పేజీలో సాక్షుల సంతకాల కింద 'దస్తూరి' అన్నచోట లేఖరి సంతకం ఉంటుంది. మొదటి కాగితం మీద ఆ సంతకం చీమ సిరాలో పడి పాకినట్టుంది. రెండోదాని మీద ముత్యాల కోవలా ఉంది. మొదటిది ఉదయం పదిన్నరకు, రెండోది పదకొండున్నరకు చేసినవని, ఆ గంటలో ఆయన కార్యాలయం వెనక సందులోకి ఒకసారి వెళ్ళివచ్చారని ఆమె చెప్పారు. కొనుగోలుదారుడు ఈ రెండు సంతకాలూ ఒకరివేనా అని అనుమానించి గొడవపెట్టుకోవడంతో విషయం ఇంటిదాకా వచ్చింది. మేము వాడే ఆడిట్ ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, 40కి మార్కులు. 20 లేదా అంతకు మించి వస్తే మద్యానికి బానిస అయి ఉండే అవకాశం బాగా ఎక్కువని లెక్క. లేఖరి గారికి 31 వచ్చాయి. కానీ నా దృష్టిలో ఆ రెండు సంతకాలు ఆ 31 కన్నా ఎక్కువ చెప్పాయి.

చికిత్స గురించి ఎక్కువ రాయను, అది పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టే జరిగింది. గతంలో మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంది కనుక ఆసుపత్రిలో ఉంచే మాన్పించారు. కాలేయం పరిస్థితి చూసి తాగుడు ఆపినప్పుడు వచ్చే ఇబ్బందులను అదుపుచేయడానికి డాక్టరు గారు లోరాజెపామ్ అనే మందు ఎంచుకుని పది రోజుల్లో క్రమంగా తగ్గించారు, థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇచ్చారు. చదివేవారిలో ఇలాంటి కుటుంబాలు ఉండవచ్చు కాబట్టి ఒక మాట మాత్రం చెప్పాలి. పొద్దున్నే చేతులు వణికే మనిషి ఉన్నపళాన తాగుడు ఆపితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఆ దశ దాటించడం వైద్యుడి పని. ఏ మీటింగూ ఆ పని చేయలేదు. మీటింగుల అవసరం ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటి ప్రయత్నం

డిశ్చార్జి కాగితంలో విజయవాడలోని ఒక పాఠశాల గది చిరునామా, గురువారం సాయంత్రం ఆరున్నర అని రాసి ఇచ్చాను. మా దగ్గరున్న టైపు జాబితా నుంచి ఎక్కించాను. ఆ జాబితాను ఎవరు, ఎప్పుడు తయారుచేశారో నేను అడగలేదు.

మార్చి మొదటి గురువారం లేఖరి గారు పని త్వరగా ముగించి, నాలుగూ యాభై బస్సెక్కి, నెహ్రూ బస్టాండులో దిగి, ఆటో మాట్లాడుకుని అక్కడికి చేరారు. గేటుకు తాళం ఉంది. కాపలా మనిషి లోపలి నుంచే "ఆ మీటింగులు కరోనా ముందే ఆగిపోయాయండీ" అన్నాడు. తిరుగు బస్సుకు గంటన్నర వ్యవధి ఉంది. ఆ గంటన్నరలో ఆయన తాగారు. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది, మర్నాడు పొద్దున సందులోకి వెళ్ళారు, మూడు వారాల్లో మళ్ళీ మూడు క్వార్టర్లకు చేరారు.

నాకు ఫోను చేసింది భార్య. ఆమె గొంతులో కోపం లేదు. "సార్, మీరు రాసిచ్చిన చోటికే వెళ్ళారండీ, నేనే బస్సెక్కించాను" అన్నారు. 'రోగికి ప్రేరణ తక్కువ' అని కేసు షీటులో రాయడానికి అలవాటుపడిన చెయ్యి నాది. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు ప్రయాణించి తాళం చూసి వచ్చిన మనిషి గురించి అలా రాయడానికి ఆ రోజు పెన్ను కదల్లేదు.

మీటింగు వెతకడం

ఏప్రిల్‌లో రెండోసారి చేర్చుకున్నాం, ఈసారి ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో నేను చేయాల్సిన పని వేరే ఉంది. మా జాబితాలోని ప్రతి మీటింగుకూ ఫోను చేశాను. సగానికి సగం నంబర్లు పనిచేయలేదు. ఏఏ భారతదేశ విభాగం వెబ్‌సైటులో నగరాల వారీగా మీటింగుల వివరాలు, సభ్యులే స్వచ్ఛందంగా తీసే ఫోను నంబర్లు దొరుకుతాయి. వాటిలో ఒక్కరు పలికితే చాలు, మిగతా గుంపుల సంగతి వాళ్ళకు తెలిసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వపు మత్తు విముక్తి సహాయ నంబరు 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ నంబరు 14416. ఈ రెండూ చికిత్సా కేంద్రాల సమాచారానికి, మాట సాయానికి పనికొస్తాయి. పలానా వీధిలో పలానా గది ఈ గురువారం తెరుస్తారా లేదా అన్నది మాత్రం ఆ గదికి వెళ్ళేవాడే చెప్పగలడు.

అడగాల్సిన ప్రశ్నలు కూడా నాకు అప్పుడే తెలిశాయి. రోజు, సమయం సరే. మాట్లాడేది తెలుగులోనా, ఇంగ్లీషులోనా? తాగుడు సమస్య ఉన్నవాళ్ళు మాత్రమే వచ్చే మూసిన మీటింగా, ఇంట్లోవాళ్ళూ మాలాంటివాళ్ళూ కూర్చోగల తెరిచిన మీటింగా? మెయిన్ రోడ్డు మీద గుర్తు ఏమిటి? ఆఖరి బస్సు అందుతుందా? గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పోయిన వారం అసలు తెరిచారా? ఈ చివరి ప్రశ్న అడిగి ఉంటే మార్చిలో జరిగింది జరిగేది కాదు. ఇంకొకటి, బస్టాండు నుంచి ఆ గదికి వెళ్ళే దారిలో వైన్ షాపులు ఎన్ని ఉన్నాయో కూడా నేను రోగితో కలిసి లెక్కపెడతాను. ఇది ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు.

ఆ పని చేస్తున్నప్పుడు 1981లో అమెరికాలో సిసన్, మాలమ్స్ అనే ఇద్దరు చేసిన చిన్న అధ్యయనం గుర్తొచ్చింది. మొత్తం 20 మంది రోగులు. కొందరికి మీటింగుల వివరాలు చెప్పి వెళ్ళమన్నారు. మిగిలినవారి ఎదుటే ఏఏ సభ్యుడికి ఫోను చేసి, మాట్లాడించి, ఆ సభ్యుడే వచ్చి వెంట తీసుకెళ్ళేలా ఏర్పాటు చేశారు. రెండో గుంపులో అందరూ వెళ్ళారు, మొదటి గుంపులో ఒక్కరూ వెళ్ళలేదు. 20 మంది లెక్కతో పెద్ద మాటలు చెప్పకూడదని నాకు తెలుసు. అయినా చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టిన ఈ ఫలితాన్ని ఉద్యోగంలో ఒక్కసారీ వాడలేదన్నది కూడా నిజమే.

అదే చేశాను. లేఖరి గారిని నా గదిలో కూర్చోబెట్టి, స్పీకరు పెట్టి, విజయవాడలో గురువారం మీటింగుకు వెళ్ళే ఒక పాత సభ్యుడికి ఫోను చేశాను. ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, తాగుడు మాని పదకొండేళ్ళు. ఆయన ఏఏ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "తమ్ముడూ, ఏ బస్సుకొస్తావు? మీ ఊరి బస్సు ఆగేచోటే నిలబడతాను. తెల్ల గళ్ళ చొక్కా, చేతిలో గొడుగు" అన్నారు. లేఖరి గారు అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "డబ్బెంత కట్టాలండీ?" ఏమీ కట్టక్కర్లేదని, డబ్బా తిప్పినప్పుడు ఉంటే పది రూపాయలు వేయవచ్చని, లేకపోతే పక్కవాడికి అందించేయవచ్చని అవతలి నుంచి జవాబు వచ్చింది.

గది లోపల

మే 2న ఆయన మొదటి మీటింగుకు వెళ్ళారు. నెల తర్వాత, అనుమతి తీసుకుని, ఒక తెరిచిన మీటింగులో నేనూ వెనక బెంచీలో కూర్చున్నాను. చర్చి ఆవరణలో చిన్న గది. పిల్లల బెంచీలు కావడంతో పెద్దవాళ్ళ మోకాళ్ళు గడ్డం దాకా వస్తాయి. పద్నాలుగు మంది మగవాళ్ళు, ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. మా దగ్గరికి వచ్చే స్త్రీ రోగుల విషయంలో ఇది పెద్ద అడ్డంకి, దానికి నా దగ్గర ఇంకా మంచి సమాధానం లేదు. ఒకాయన తెలుగులో ముందుమాట చదివారు. తాగుడు మానాలనే కోరిక తప్ప సభ్యత్వానికి వేరే అర్హత ఏదీ లేదన్నది అందులో ఉంటుంది. తర్వాత ఒక్కొక్కరు పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి, అయిదారు నిమిషాలు మాట్లాడారు. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అడ్డురారు, సలహా ఇవ్వరు, తప్పుపట్టరు. ఒక పండ్ల వ్యాపారి ఆ పొద్దున సైకిలు మీద వెళ్తూ షాపు ముందు తన కాలు దానంతటదే కిందికి దిగిందని, దిగిన కాలును తీసి మళ్ళీ పెడలు మీద పెట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాడు. గంట పూర్తవగానే టీ తాగి అందరూ వెళ్ళిపోయారు.

1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపార రంగంలో పనిచేసిన మనిషి, బాబ్ స్మిత్ అనే సర్జను ఒకరికొకరు తోడుగా తాగుడు మానడంతో మొదలైన పద్ధతి ఇది, మన దేశంలోకి 1957లో వచ్చింది. ఏఏ సభ్యులు పాటించే పన్నెండు మెట్ల భాష, దేవుడి ప్రస్తావన వింటే అక్కడి వాసన తెలుస్తూనే ఉంటుంది. లేఖరి గారికి మొదటి ఇబ్బంది కూడా అక్కడే వచ్చింది. ఇంట్లో నిత్యం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే కుటుంబం. చర్చి గేటులోకి వెళ్తుంటే తెలిసినవాళ్ళు చూస్తే మతం మారాడనుకుంటారని భయపడ్డారు. చర్చివాళ్ళకూ ఏఏకూ ఉన్న సంబంధం గది ఇచ్చినంత వరకేనని, మెట్లలో చెప్పే దేవుడు ఎవరికి వారు అనుకునే దేవుడని గొడుగు పెద్దాయనే సర్దిచెప్పారు. దేవుడి మాట అసలే గిట్టని రోగులు కూడా ఉంటారు. వాళ్ళను బలవంతాన ఇక్కడికి తోసే పని నేను చేయను, విడి కౌన్సెలింగు దారి వాళ్ళకు ఉండనే ఉంది.

రెండో ఇబ్బంది అనుకోనిది. మూడో మీటింగులో ఎదుటి బెంచీలో కూర్చున్న మనిషి, రెండేళ్ళ కింద లేఖరి గారి దగ్గర ఎకరం పొలం అమ్మకం దస్తావేజు రాయించుకున్న రైతు. ఇద్దరూ తలదించుకున్నారు. ఆ రాత్రి లేఖరి గారు ఫోను చేసి, ఊళ్ళో పరువు పోయినట్టేనని, ఇక వెళ్ళనని చెప్పారు. ఎవరు వచ్చారు, ఏమన్నారు అన్నది గది దాటకూడదన్నది అక్కడి నియమమని నేను గుర్తుచేశాను. నియమం ఆయనకు ఊరట ఇవ్వలేదు. ఊరట ఇచ్చింది మర్నాడు ఆ రైతు కార్యాలయం ముందు నుంచి వెళ్తూ మామూలుగా "ఏం రాయిటరు గారూ, పనులెలా ఉన్నాయి?" అని అడిగి ఆగకుండా వెళ్ళిపోవడం. అవతలివాడికీ దాచుకోవలసినది అంతే ఉందని అప్పుడు అర్థమైందని తర్వాత నాతో అన్నారు.

ఇల్లు, మందులు

తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అన్నది ఏఏలో వినిపించే మాట. రోజుకు 76 కిలోమీటర్ల బస్సు ప్రయాణం, రాబడి లేని సాయంత్రాలు లెక్కేస్తే అది మండల కేంద్రంలో బతికే మనిషికి పెట్టకూడని షరతు. పాటించలేక ఓడిపోయినట్టు భావించి మొత్తమే మానేస్తారు. వారానికి రెండు మీటింగులు, మిగిలిన రోజుల్లో పెద్దాయనకు సాయంత్రం ఆరు గంటలకు ఫోను అని ఒప్పందం చేసుకున్నాం. ఆరు గంటలు ఎందుకంటే, ఆయన రెండో విడత తాగుడు మొదలయ్యే వేళ అది. ఆయన జేబు డైరీ ప్రకారం మొదటి 90 రోజుల్లో 26 మీటింగులకు గాను 23కి వెళ్ళారు.

భార్య తమ్ముడు ఈలోగా నా దగ్గరికి వచ్చి, తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర పొడిచేసి బావగారి మజ్జిగలో కలపవచ్చా అని గుట్టుగా అడిగాడు. ఈ ప్రశ్న నెలకొకసారైనా వస్తుంది. రోగికి తెలియకుండా ఆ మందిస్తే, ఆ మీదట తాగినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం రావచ్చని, పైగా తెలిసిన రోజున ఇంట్లో ఎవరి చేతి అన్నమూ నమ్మడని చెప్పి పంపాను. లేఖరి గారికి డాక్టరు గారు తెలియజెప్పి, ఒప్పించి ఇస్తున్నది తాగాలన్న కోరికను తగ్గించే అకాంప్రోసేట్. దాని మీద కూడా ఒక చిక్కు వచ్చింది. గుంపులో ఒక సభ్యుడు, నిజంగా మానినవాడికి మాత్రలెందుకు, అవి కూడా మత్తే కదా అన్నాడు. లేఖరి గారు నాలుగు రోజులు మానేశారు. సభ్యులు వైద్యుల పాత్ర పోషించరాదని ఏఏ సొంత కరపత్రాలే చెప్తాయి. ఈ సంగతి ఆ సభ్యుడికి నేను చెప్పడం కన్నా పెద్దాయన చెప్పడం మేలని ఆయనకు వదిలేశాను, పని జరిగింది.

భార్యను ఆల్-అనాన్‌కు పంపాలని నేను అనుకున్నాను. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన సంస్థ అది. వాళ్ళకు అందే దూరంలో తెలుగు మీటింగు నాకు దొరకలేదు. నెలకొకసారి మా కేంద్రంలో కుటుంబాల సమావేశానికి వచ్చారు. ఆమె విషయంలో నేను చేయగలిగింది అంతే, అది చాలలేదు.

సెప్టెంబరు, అక్టోబరు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది. గుంపులో ఇద్దరి ఇళ్ళు అక్కడివే. రెండు వారాలు మీటింగు లేదు. కూతురు ఫోనులో జూమ్ పెట్టిచ్చి, "నాన్నా, కెమెరా ఆపేశాను, నువ్వు కనిపించవు" అని చెప్పి డాబా మీద కూర్చోబెట్టింది. ఆన్‌లైన్ తెలుగు మీటింగులో ఇతర దేశాల నుంచి మాట్లాడినవారు కూడా ఉన్నారట. ఆ రెండు వారాలకు అది అక్కరకొచ్చింది. అయితే అందులో టీ లేదని, అయిపోగానే తెర నల్లబడుతుందని, ఎవరూ బస్టాండు దాకా రారని ఆయన ఫిర్యాదు.

అక్టోబరు 16 నుంచి రాష్ట్రంలో కొత్త మద్యం విధానం అమలైంది, ప్రభుత్వ దుకాణాల స్థానంలో ప్రైవేటు షాపులు వచ్చాయి, క్వార్టరు 99 రూపాయలకు దొరకడం మొదలైంది. రిజిస్ట్రారు కార్యాలయానికి రెండు వందల గజాల్లో ఒకటి తెరిచారు. దీపావళి రాత్రి ఆయన ఒక క్వార్టరు తాగారు. మార్చికీ దీనికీ ఉన్న తేడా మర్నాటి పొద్దున కనిపించింది. సందులోకి వెళ్ళకుండా పెద్దాయనకు ఫోను చేశారు. ఆ వారం మీటింగులో చెప్పుకున్నారు, తన రోజుల లెక్కను సున్నా నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. నాకు చెప్పింది మాత్రం పది రోజుల తర్వాత. మొదట నొచ్చుకున్నాను. ఆలోచిస్తే, నాకన్నా ముందు ఫోను చేయడానికి ఆయనకొక మనిషి ఉండాలన్నదే కదా ఇంతకాలం నేను చేసిన ప్రయత్నం.

పరిశోధన ఏమంటోందని తోటి ఉద్యోగులు అడుగుతారు. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2020లో తెచ్చిన సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలకు పైగా రోగులను కలిపి చూసి, ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స పొందినవారిలో ఏడాది తర్వాత 42 శాతం మంది పూర్తిగా మానేసి ఉన్నారని, ఇతర చికిత్సల్లో అది 35 శాతమని తేల్చింది. ఆ 42లో ఉన్నది 'పద్ధతిగా నడిపించిన' వాళ్ళు. కాగితం ఇచ్చి పంపినవాళ్ళు కారు. ఇక మన దగ్గర, ఎయిమ్స్ 2019లో ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందుతున్నారు. ఆ ఒక్కడు మా గుమ్మం దాకా వచ్చాక తప్పు చిరునామా ఇవ్వడం ఎంత ఖరీదైన పొరపాటో ఆ అంకె చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

ప్రస్తుత స్థితి

2025 ఆగస్టు నాటికి దీపావళి తర్వాత తొమ్మిది నెలలు నిండాయి. కాలేయం పరిస్థితి చెప్పే రక్తపరీక్ష జీజీటీ, చేరినప్పుడు 286 ఉన్నది 41కి దిగింది. కాళ్ళ మంటలు పూర్తిగా తగ్గలేదు. నిద్ర మందులు లేకుండా వస్తోంది. అప్పులు తీరలేదు, బావమరిది ఇంకా సరిగా మాట్లాడడు.

తన మండల కేంద్రంలో మీటింగు లేకపోవడం ఆయనకు మొదటి నుంచీ కొరతే. తాగుడు మానడానికి కలిసిన ఇద్దరు ముగ్గురున్నా దాన్ని గుంపు అనవచ్చన్నది ఏఏ సంప్రదాయాల్లోనే ఉంది. పంచాయతీ హాలు అడిగితే కుదరలేదు. జులై నుంచి ఆదివారాల్లో, రిజిస్ట్రారు కార్యాలయం మూసి ఉండే రోజు కనుక, తన రాతబల్ల ఉన్న చిన్న షెడ్డులోనే కూర్చుంటున్నారు. ఆ రైతు వస్తాడు, మరొక ఆటో డ్రైవరు అప్పుడప్పుడు వస్తాడు. గొడుగు పెద్దాయన నెలకొకసారి తొలి బస్సుకు దిగుతారు.

పోయిన వారం ఫోను చేసి, ఆదివారం తెరిచారా అని అడిగాను. తెరిచాం, ముగ్గురం ఉన్నాం అన్నారు. మా జాబితాలో కొత్త వరుస చేర్చాను: ఆదివారం, ఉదయం ఏడు, తెలుగు, మూసిన మీటింగు, గుర్తు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు, తాళం లేఖరి దగ్గర. పక్కన ఈ మధ్యనే గీయించిన గడిలో ఫోను చేసి సరిచూసిన తేదీ వేశాను.